ఊరు ఎట్లా మారిందో రాసి అచ్చేయించడం: ప్రశ్న దగ్గర్నుంచి పత్రిక దాకా

"మునుపు బొంబాయి బతకపోయేటప్పుడు మా అర్ర తాళంచెయ్యి అత్త చేతుల పెట్టి పోతుంటిమి. ఇప్పటి పోరీలు మెడల ఏసుకుని పోతున్నరు."

మక్తల్ అవతల ఒక ఊళ్లో, అరుగు మీద కూర్చుని వక్క నములుతూ ఒక అవ్వ నాతో ఈ మాట అన్నది. 2017 ఎండాకాలం. అప్పుడు నా ఒళ్లో 14 పేజీల ప్రశ్నావళి ఉంది. అందులో ఆదాయం, అప్పు, భూమి ఎన్ని ఎకరాలు, ఎంతమంది చదువుకున్నారు, అన్నీ ఉన్నాయి. తాళంచెవి గురించి ఒక్క ప్రశ్న లేదు. ఆ మాటను నోట్‌బుక్ అంచున రాసుకున్నాను గానీ, దాని విలువ ఏంటో నాకు తెలియడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

నేను మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్తాను. మా నాయన కూడా మేస్త్రీ వెంట కూలీల గుంపులో పనికి పోయినవాడే. ఆ తాళంచెవి మీద రాసిన వ్యాసం ఒక పరిశోధన పత్రికలో అచ్చు కావడానికి మూడున్నరేళ్లు పట్టింది. అప్పటి నుంచి పాలమూరు యూనివర్సిటీ పిల్లలు, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ పిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు: "మేడం, మా ఊరి మీద రాసిన. ఏ పత్రికకు పంపాలె?" ఎవరికైనా నేను ముందు చెప్పేది ఒక్కటే. పత్రిక సంగతి తర్వాత, మీ ప్రశ్న ఏంటో చెప్పండి. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ప్రశ్న ఎట్లా దొరుకుతుంది

నా మొదటి శీర్షిక "పాలమూరు వలసలు, సామాజిక మార్పు". మా గురువుగారు చదివి, "ఇది పదిమంది జీవితమంతా చేసే పని. ఇందులో నువ్వు ఒక్కదానివి అడిగేది ఏందమ్మా?" అన్నారు. వారం రోజులు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత నోట్‌బుక్ తిరగేస్తుంటే అవ్వ మాట కనబడింది. ప్రశ్న ఇట్లా కుదిరింది: ఈ ఊళ్లో బతకపోయే కుటుంబాలు ఇంటి తాళంచెవిని ఎప్పటి నుంచి వెంట తీసుకుపోతున్నాయి, ఎందుకు?

చూడ్డానికి చిన్న ప్రశ్న. జవాబు వెతకబోతే మాత్రం ఒక్క శాస్త్రం సరిపోలేదు. ఆ ఊళ్లో పాత ఇళ్లన్నీ మట్టి కప్పున్న మిద్దెలు. ఏటా వానలకు ముందు మిద్దె మీద సౌడు మన్ను పోయకపోతే ఇల్లు కురుస్తుంది. ఆ పని చేయించడానికి ఇంట్లో ఒక పెద్ద మనిషి ఉండి తీరాలి. కొడుకూ కోడలూ తమ అర్రకు, అంటే గదికి, తాళం పెట్టి, తాళంచెవినీ పిల్లల్నీ ఆ పెద్ద మనిషికి అప్పజెప్పి పోయేవాళ్లు. స్లాబు ఇల్లు వేరుగా కట్టుకున్నాక మన్ను పోసే పని లేదు, ఇల్లు కనిపెట్టుకుని ఉండే మనిషి అవసరం లేదు. పిల్లలు హాస్టల్లో ఉంటారు. ఇక స్లాబుకు పైసలు ఎక్కడివి? చాలా ఇళ్లలో గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సే. ఆ అడ్వాన్సు తీరాలంటే మొగుడూ పెళ్లాం ఇద్దరూ పోవాలి. కొత్త ఇల్లు కట్టినందుకే ఆ ఇంటికి తాళం పడింది. అత్త పాత మిద్దెలో మిగిలిపోయింది.

ఇందులో అప్పు లెక్క అర్థశాస్త్రానిది, అత్తాకోడళ్ల సంగతి సోషియాలజీది, సౌడు మన్ను నీళ్లను ఎందుకు దిగనివ్వదన్నది మట్టి శాస్త్రానిది. మా కాలేజీ కెమిస్ట్రీ సార్ ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి, సోడియం ఎక్కువున్న బంకమన్ను తడిస్తే సన్నటి రేణువులుగా విడిపోయి సందులన్నీ మూసేస్తుందని చెప్పారు. పొలంలో పంటను చంపే గుణమే మిద్దె మీద ఇంటిని కాపాడుతుంది. ఆ ఒక్క ముక్క తెలియకపోతే నా వ్యాసంలో సగం వాదన నిలబడేది కాదు.

కాబట్టి మీ ప్రశ్నను ఇట్లా పరీక్షించండి. ఒక్క శాస్త్రం పూర్తిగా జవాబు చెప్పగలిగితే, ఆ శాస్త్రం పత్రికకే పంపండి. అందులో తప్పేమీ లేదు. ఒక శాస్త్రం జవాబు చెప్తూ చెప్తూ ఒకచోట ఆగిపోయి, అక్కణ్నుంచి ఇంకో శాస్త్రం చెయ్యి పట్టుకోవలసి వస్తేనే బహుశాస్త్ర వ్యాసం రాయండి. శీర్షికలో "ఇంటర్‌డిసిప్లినరీ" అని పెట్టి, లోపల ఒక చాప్టరు చరిత్ర, ఒక చాప్టరు సాహిత్యం, ఒక చాప్టరు సర్వే అని వరుసగా పేర్చితే అది మూడు సగం వ్యాసాలు కలిపి కుట్టినట్టుంటుంది.

నల్లగొండ పిల్లలకు ఫ్లోరైడ్ ఉదాహరణ చెప్తాను. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే నీళ్ల దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఎంతోమంది దానికి మించిన బోరు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయారు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేశారు. దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పడింది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత అన్నది కెమిస్ట్రీ. ఆ పటిక, సున్నం రోజూ కొలిచి కలిపే పని ఎవరి మీద పడింది, ఎందుకు కొనసాగలేదు అన్నది సమాజ శాస్త్రం. ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి బయటివాళ్లు వెనకాడారు. 2016 నుంచి మిషన్ భగీరథ కింద నల్లా నీళ్లు ఊళ్లకు చేరుతుంటే, పెళ్లి సంబంధాల మాటల్లో ఏం మారింది? ఇది మంచి ప్రశ్న. నీళ్ల రిపోర్టు, డాక్టరు మాట, పెళ్లిళ్ల పేరయ్య మాట మూడూ కలవకుండా దీనికి జవాబు రాదు. మునుగోడు దిక్కు పిల్లలెవరైనా దీన్ని ఎత్తుకోవాలని నాకు గట్టి కోరిక.

మనకు ముందు ఉన్నవాళ్లు

ఇది విదేశాల నుంచి వచ్చిన కొత్త ఫ్యాషన్ అనుకోవద్దు. పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి గారు "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" 1949లో వేశారు. రాజుల వరుసను పక్కనపెట్టి, కావ్యాల్లోంచి, సామెతల్లోంచి జనం తిండి, బట్ట, ఆటలు, వృత్తులు ఏరి చరిత్ర రాశారు. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెలుగులో మొదట వచ్చింది దానికే, 1955లో. కావ్యాన్ని ఆధారంగా వాడేటప్పుడు ఎక్కడ నమ్మాలో, ఎక్కడ కవి అతిశయమని వదిలేయాలో నేర్చుకోవడానికి నేను ఇప్పటికీ దాన్నే తెరుస్తాను.

అదే 1955లో మానవ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే గారి శామీర్‌పేట అధ్యయనం ఇంగ్లిష్‌లో వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ నుంచి వెళ్లిన ఆ బృందంలో వ్యవసాయం, వైద్యం, పశువైద్యం వాళ్లు కూడా ఉన్నారు. ఒక్క ఊరిని అందరూ కలిసి చూశారు. ఇంకా వెనక్కి పోతే, అమ్రాబాద్ దిక్కు చెంచులతో ఉండి మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. దాన్ని చదివినప్పుడల్లా నాకు ఒక సంగతి గుర్తొస్తుంది: ఎవరి గురించి రాశారో వాళ్ల భాషలో కాదు, ఇంగ్లిష్‌లో రాశారు. ఈ మాట చివర్లో మళ్లీ ఎత్తుతాను.

కాగితాల్లో పడే గుంతలు

మన జిల్లాల మీద పనిచేసేవాళ్లు అందరూ పడే గుంత ఒకటుంది. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ మూడు జిల్లాలయింది: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరుపడ్డాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో వచ్చింది. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి పోయాయి. 2011 జనాభా లెక్కలేమో పాత జిల్లాల ప్రకారం ఉన్నాయి. ఒక విద్యార్థి 2011 మహబూబ్‌నగర్ అంకెను ఇప్పటి మహబూబ్‌నగర్ అంకెతో పోల్చి "జనాభా పడిపోయింది, కారణం వలస" అని రాసి తెచ్చాడు. పడిపోయింది జనాభా కాదు, జిల్లా హద్దు. మండలాలు కూడా మారాయి. కాబట్టి ఎప్పుడూ ఊరి స్థాయి అంకె తీసుకుని, ఊళ్ల అంకెలు కూడి మీ ప్రాంతాన్ని మీరే కట్టుకోండి. ఆ పని ఎట్లా చేశారో ఒక పేరాలో చెప్పండి.

భూమి సంగతికి 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు చూడకుండా మాట్లాడొద్దు. పట్టాదారు ఎవరు, నిజంగా దున్నేది ఎవరు అన్నది అందులో తెలుస్తుంది. అంతకు ముందు కాగితాలు కావాలంటే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. నిజాం కాలం కాగితాలు చాలావరకు ఉర్దూ, ఫార్సీల్లో ఉంటాయి. నాకు ఉర్దూ మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు. మా వీధిలో ఉండే రిటైరైన ఉర్దూ మాస్టారు గారు సాయంత్రాలు కూర్చుని చదివి పెట్టారు. వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఆయన పేరు మొదట పెట్టాను. మీకు కాగితం చదివిపెట్టిన వాళ్లను, పాట పాడినవాళ్లను, దారి చూపినవాళ్లను మరిచిపోవద్దు.

పాట కూడా సాక్ష్యమే, అయితే సాక్షిని విచారించాలి

సాహిత్యం వాళ్లు పాటను ప్రేమగా వాడతారు, సర్వే చేసేవాళ్లు పాటను వ్యాసం మొదట్లో రెండు పంక్తులు అలంకారంగా పెట్టి వదిలేస్తారు. రెండూ చాలవు. విసుర్రాయి కాడ పాడే పాటలో "అత్తకు అప్పజెప్పి పోతిని" అనే మాట వచ్చిందనుకోండి. అది ఎప్పటి పాట? పాడిన మనిషి ఎవరు, ఏ కులం, ఎన్నేళ్లు? స్వయంగా బతకపోయి వచ్చిందా, ఊళ్లో మిగిలిపోయిందా? అదే పాట పక్కింటి ఆమె పాడితే ఆ పంక్తి ఉందా, మారిందా? ఇవన్నీ అడిగి రాసుకుంటేనే అది సాక్ష్యమవుతుంది. నేను ఒకే పాటను నలుగురి దగ్గర విన్నాను. వయసులో చిన్నదైన కోడలు పాడినప్పుడు అత్త పంక్తి జారిపోయింది. ఎందుకు పాడలేదని అడిగితే, "గది ఇప్పుడెక్కడిదక్కా, అత్త మాతోని ఉంటే గదా" అన్నది. పంక్తి లేకపోవడమే నాకు దొరికిన పెద్ద ఆధారం.

రికార్డు చేసే ముందు ఒప్పుకోలు తీసుకోవాలి. కాగితం మీద వేలిముద్ర వేయమంటే మన ఊళ్లల్లో జనం భయపడతారు. వేలిముద్రతో భూములు పోయినవాళ్ల మనవళ్లు వాళ్లు. నేను ఏం చేశానంటే, తెలుగులో నెమ్మదిగా చదివి వినిపించి, వాళ్లు "సరే" అన్న మాటను వాళ్ల గొంతులోనే రికార్డు చేశాను. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తీసేస్తానని చెప్పాను. ఇద్దరు తర్వాత వద్దన్నారు, తీసేశాను. మేస్త్రీ అడ్వాన్సు గురించి మాట్లాడిన మనిషి ఎవరో మేస్త్రీకి తెలిస్తే మరుసటేడు ఆ ఇంటికి పని దొరకదు. అందుకే ఊరి పేరు కూడా మార్చాను, ఇక్కడా చెప్పడం లేదు. పేర్లు మారిస్తే సరిపోదు. "ఊరి చివర వేపచెట్టు కింద స్లాబు ఇల్లు, ముగ్గురు ఆడపిల్లలు" అని రాస్తే ఆ ఊళ్లో ఎవరైనా గుర్తుపట్టేస్తారు. ఆనవాళ్లు కలిపి చెరపాలి.

రాసేటప్పుడు

వ్యాసాన్ని వస్తువు చుట్టూ నడపండి. నా వ్యాసంలో మొదటి పేరా తాళంచెవి, చివరి పేరా తాళంచెవి. మధ్యలో మట్టి, అప్పు, పాట ఏది వచ్చినా ఆ తాళంచెవిని ఇంకొంచెం వివరించడానికే వచ్చింది. ఏదైనా పేరా ఆ పని చేయకపోతే ఎంత కష్టపడి సేకరించినదైనా తీసేశాను. చేనేత మగ్గాల మీద 9 పేజీలు రాసుకుని పక్కన పెట్టేసినప్పుడు ఏడుపొచ్చింది. అది ఇంకో వ్యాసం కోసం దాచుకున్నాను.

పద్ధతులు చెప్పే భాగం బహుశాస్త్ర వ్యాసంలో మామూలు కన్నా పెద్దగా ఉండాలి. అర్థశాస్త్రం చదివిన పాఠకుడికి పాటను ఎట్లా చదివారో తెలియాలి, జానపదం చదివిన పాఠకుడికి ఇళ్లను ఎట్లా ఎంచుకున్నారో తెలియాలి. ఒకరికి తెలిసిందే కదా అని వదిలేస్తే రెండోవాళ్లకు నమ్మకం పోతుంది.

ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు ఇంకో మాట. జనం వాడే మాటను తొందరపడి మార్చేయొద్దు. "బతకపోవుడు" అన్నదాన్ని "మైగ్రేషన్" అని రాస్తే చోటు మారడం ఒక్కటే మిగులుతుంది, బతుకు జారిపోతుంది. నేను ఆ మాటను అట్లాగే ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు రెండు వాక్యాల్లో వివరించాను. "అర్ర", "అడ్వాన్సు", "గుంపు" కూడా అంతే. అడ్వాన్సు ఇంగ్లిష్ మాటే గానీ మన ఊళ్లో దానర్థం వేరు: ముందు తీసుకున్న పైసలతో పాటు, ఎవరి గుంపులో పోవాలో, ఎన్ని నెలలు ఉండాలో అన్నీ అందులోనే ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ ఇతరుల రాతతో చూపే పోలిక శాతం గురించి పిల్లలకు చాలా టెన్షన్. 2018 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం థీసిస్‌లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఆ లెక్క చూసుకోండి. కానీ తెలుగు పుస్తకంలోని ఆలోచనను ఇంగ్లిష్‌లోకి మార్చి పేరు చెప్పకుండా వాడితే ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు. అది దొంగతనమే. మన తెలుగు పరిశోధకుల పని ఇట్లా ఎంత పోయిందో.

పత్రిక ఎంచుకోవడం

ఈ విషయంలో నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. ఉద్యోగం కోసం తొందర. పేరులో "ఇంటర్నేషనల్", "మల్టీడిసిప్లినరీ" రెండూ ఉన్న ఒక పత్రికకు 3,000 రూపాయలు కట్టి మొదటి వ్యాసం పంపాను. నాలుగో రోజు అచ్చయింది. ఎవరూ ఒక్క అక్షరం దిద్దలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంటర్వ్యూలో దాన్ని పక్కన పెట్టేశారు. డబ్బు పోయినందుకు అంత బాధ లేదు. ఒకసారి అచ్చయిన వ్యాసాన్ని మంచి పత్రికకు మళ్లీ పంపకూడదు. రెండేళ్లు తిరిగి సేకరించిన సంగతులు అట్లా పాడైపోయాయి. డబ్బు తిరిగి సంపాదించుకోవచ్చు, ఆ ముసలివాళ్ల మాటలు మళ్లీ దొరకవు. ఇద్దరు అప్పటికే చనిపోయారు.

కాబట్టి పంపే ముందు ఇవి చూడండి. సంపాదక వర్గంలో ఉన్నవాళ్లు నిజంగా ఉన్నారా, వాళ్ల యూనివర్సిటీ పేజీలో ఆ పత్రిక పేరు ఉందా? గత రెండేళ్ల సంచికలు తీసి ఐదు వ్యాసాలు పూర్తిగా చదవండి. ఒకే సంచికలో నర్సింగ్, జీఎస్టీ, ప్రబంధ కవిత్వం పక్కపక్కన ఉంటే అది బహుశాస్త్రం కాదు, వచ్చినవన్నీ వేసుకోవడం. వారంలో అచ్చేస్తామని హామీ ఇస్తే దూరంగా ఉండండి. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉందని చూపిస్తారు. అది పత్రికను గుర్తించే 8 అంకెల నంబరు మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు. యూజీసీ ఒప్పుకున్న పత్రికల జాబితా, అంటే కేర్ లిస్టులో ఉందంటూ ఇంకా ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ఆ లిస్టును 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆపేసింది. పత్రిక మంచిదో కాదో తేల్చుకునే బాధ్యత ఇప్పుడు యూనివర్సిటీల మీద, మన మీద ఉంది. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వడానికి ముందు వ్యాసం అచ్చు కావాలన్న తప్పనిసరి నిబంధనను కూడా యూజీసీ 2022లోనే తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా అడుగుతుందేమో కనుక్కోండి. అడగకపోతే తొందర పడాల్సిన పనే లేదు.

మన సంగతులకు చోటిచ్చే పత్రికలు చాలానే ఉన్నాయి. 1966 నుంచి వస్తున్న ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ రచయిత దగ్గర డబ్బు తీసుకోదు. అందులో పెద్ద వ్యాసాలతో పాటు ఇప్పటి సంగతుల మీద చిన్న వ్యాఖ్యలు కూడా వేస్తారు. కొత్తవాళ్లు చిన్న వ్యాఖ్యతో మొదలుపెడితే మంచిది. ఇండియన్ సోషియలాజికల్ సొసైటీ వాళ్ల సోషియలాజికల్ బులెటిన్ 1952 నుంచి ఉంది. కుటుంబం, కులం మీద లోతైన క్షేత్ర పరిశోధనైతే కంట్రిబ్యూషన్స్ టు ఇండియన్ సోషియాలజీ. పాత కాగితాల మీద ఆధారపడిన చరిత్రైతే ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ. వీటిని చదవడానికి డబ్బుల్లేవని ఇదివరకు అనేవాళ్లం. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 పత్రికలు తెరిచారు. మీ లైబ్రేరియన్ గారిని అడగండి. థీసిస్‌లకు శోధ్‌గంగ వెబ్‌సైటు ఎప్పటి నుంచో ఉచితమే.

ఏ పత్రికకు పంపాలో ఇంకా తేలకపోతే నేను చేసే పని ఇది. నా వ్యాసంలో నేను ఎవరి పని మీద ఎక్కువగా ఆధారపడ్డానో చూస్తాను. వాళ్లు ఎక్కడ రాశారో, అక్కడి పాఠకులకే నా మాట అవసరం. ఒకసారి ఒక పత్రికకే పంపండి.

ఇద్దరు పరిశీలకులు, రెండు దిక్కులు

మొదటి పత్రిక మూడు వారాల్లో "మా పరిధి కాదు" అని తిప్పి పంపింది. రెండో పత్రిక నుంచి ఏడు నెలల తర్వాత ఇద్దరు పరిశీలకుల, అంటే వ్యాసం చదివి అచ్చుకు తగునో లేదో చెప్పమని పత్రిక అడిగినవాళ్ల, అభిప్రాయాలు వచ్చాయి. బహుశాస్త్ర వ్యాసానికి అసలు పరీక్ష ఇక్కడే. ఒకరు అర్థశాస్త్రం మనిషని రాతను బట్టే తెలిసింది: "62 ఇళ్లతో ఇంత పెద్ద మాట ఎట్లా అంటారు? ఇంటి కప్పే కారణమని ఎట్లా చెప్తారు? పోల్చడానికి ఇంకో ఊరేది?" రెండోవారు జానపదం తెలిసినవారు: "పాటల్ని ఇంకా లోతుగా చదవాలి. అప్పు లెక్కలు తగ్గించండి." ఒకరు పెంచమన్నదాన్ని ఇంకొకరు తగ్గించమన్నారు. కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేసి, రెండు వారాలు ముట్టుకోలేదు. మీరూ అంతే చేయండి. కోపంలో జవాబు రాయొద్దు.

తర్వాత రెండు గళ్ల పట్టిక గీసుకున్నాను. ఎడమ దిక్కు వాళ్ల మాట ఉన్నదున్నట్టు, కుడి దిక్కు నేను ఏం చేశాను, ఏ పేజీలో. ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోలేదో మర్యాదగా, ఆధారంతో రాశాను. ఇద్దరి మాటా ఎదురెదురుగా ఉన్నచోట సంపాదకులకు సూటిగా రాశాను: "ఇద్దరూ కోరింది ఒకేసారి కుదరదు, నా ప్రశ్నకు ఇది అవసరం కాబట్టి ఈ దారి తీసుకున్నాను." సంపాదకులు దానికి ఒప్పుకున్నారు.

అర్థశాస్త్రం పరిశీలకుడి మాట మొదట నాకు నచ్చలేదు. అయినా సెలవుల్లో కొడంగల్ దిక్కు ఒక ఊరికి వెళ్లాను. అక్కడ పాత ఇళ్లకు నాపరాతి బండల కప్పు. సౌడు మన్ను పోసే పనే లేదు. నా వాదన ప్రకారం అక్కడి జనం ఎప్పటి నుంచో తాళం వేసి పోతుండాలి. కానీ అక్కడా ముసలివాళ్లు ఇంటికాడ ఉండేవాళ్లు. ఎందుకని అడిగితే ఒక పెద్దాయన, "ఎడ్లకు నీళ్లెవరు పెట్టాలమ్మా?" అన్నాడు. ఎడ్లు అమ్మేసి ట్రాక్టరు కిరాయికి పిలవడం మొదలయ్యాకే ఆ ఊళ్లో ఇళ్లకు తాళాలు పడ్డాయి. వెనక్కి వచ్చి మా ఊళ్లో మళ్లీ అడిగాను. ఎడ్లు పోవడం, స్లాబు రావడం అక్కడ దాదాపు ఒకే కాలంలో జరిగాయి. నేను కప్పును చూసి ఎడ్లను చూడలేదు. వాదన మార్చాను: ఇంటిని కనిపెట్టుకుని ఉండే పని ఏయే రూపాల్లో ఉండేది, ఒక్కొక్కటి ఎట్లా తగ్గింది అని. ఆ పరిశీలకుడు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్కడున్నా నా దండం.

ఇంకో చిన్న సంగతి. పేర్లు దాచి పరిశీలించే పత్రికలకు పంపేటప్పుడు ఫైలు లోపలి వివరాల్లో కూడా మీ పేరు తీసేయండి. "నా 2015 వ్యాసంలో చెప్పినట్టు" లాంటి వాక్యాలు మార్చండి.

తెలుగులో కూడా

ఇంగ్లిష్ వ్యాసం ఒప్పుకున్నాక ఒక ఒప్పంద పత్రం పంపుతారు. సంతకం పెట్టే ముందు చదవండి. తెలుగు అనువాద హక్కు ఎవరిదో, మీ చివరి రాతప్రతిని ఎక్కడ ఉంచుకోవచ్చో అందులో ఉంటుంది. నేను తెలుగులో వేసుకోవడానికి అనుమతి ముందే అడిగాను, రెండు రోజుల్లో ఇచ్చారు. తెలుగు పత్రికకు ఇచ్చేటప్పుడు ఇంగ్లిష్‌లో ముందే అచ్చయిందని సంపాదకులకు చెప్పండి.

తెలుగు వ్యాసం అంటే పట్టికలు తీసేసిన అనువాదం కాదు. నేను మొత్తం మళ్లీ రాశాను. అవ్వల మాటలు ఇంగ్లిష్‌లో ఒక వాక్యానికి కుదించినవి ఇక్కడ పూర్తిగా వచ్చాయి. ప్రింటు తీసుకుని ఒక ఆదివారం ఆ ఊరికి పోయాను. పాత మిద్దె అరుగు మీద పదిమంది దాకా కూర్చున్నారు. తాళంచెవి మాట అన్న అవ్వ నా పక్కనే. చదువుతూ ఒక వాక్యం దగ్గరికి వచ్చాను: ఏటా మృగశిర ముందు ఇంటి మగవాళ్లు మిద్దె మీద సౌడు మన్ను పోసేవాళ్లు.

అవ్వ నా మోకాలి మీద చెయ్యి పెట్టి ఆపింది. "మొగోళ్లు యాడుంటిరి బిడ్డా? బొంబాయిల ఉంటిరి గదా. చెర్వు కాడికెల్లి తట్టలల్ల మోసింది మేమే, మిద్దెక్కి పోసింది మేమే." చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ అవునవునన్నారు.

తెలుగు ప్రతిలో ఆ వాక్యాన్ని అక్కడే పెన్నుతో కొట్టేసి దిద్దాను. ఇంగ్లిష్ వ్యాసం అప్పటికే అచ్చయిపోయింది. దిద్దుబాటు వేయమని పత్రికకు ఉత్తరం రాస్తే తర్వాతి సంచికలో వేశారు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థికీ చెప్తున్నాను: పత్రికకు పంపే ముందే, మాట ఇచ్చినవాళ్ల అరుగు మీద కూర్చుని తెలుగులో చదివి వినిపించండి. పొద్దున పోతే వాళ్లకు పని ఉంటుంది. పొద్దుగూకినంక పోండి.